అల్యూమినియమా, యూపీవీసీయా? ఒక కిటికీ నేర్పిన పాఠం

ఊపిరితిత్తుల వైద్యునిగా ప్రభుత్వ సేవలో గడిపిన ముప్పయి మూడు సంవత్సరాలలో నేను రోగులను అత్యధిక పర్యాయాలు అడిగిన ప్రశ్న బహుశా ఇదే: "మీరు పడుకునే గదికి కిటికీలు ఎన్ని? వాటిని తెరుస్తారా?" దగ్గుకు మందు రాయమని వస్తే ఈ డాక్టరు ఇంటి కొలతలు అడుగుతున్నాడేమిటని చాలామంది విస్తుపోయేవారు. "ఒకటుందండీ, కాని తెరవం, చలిగాలి కొడుతుంది" అనేవారు కొందరు. "తెరిస్తే గాలి సోకుతుందని మా అత్తగారు మేకులు కొట్టించేశారండీ" అన్నది ఒక బాలింత. క్షయరోగిని ఇంట్లో వెనుకగదిలో పడుకోబెట్టి, పదిమందికీ తెలియకుండా ఉండాలని ఉన్న ఒక్క కిటికీనీ మూసివేసిన కుటుంబాలను ఎన్నిటినో చూశాను. వారందరికీ ఓపికగా చెప్పేవాణ్ణి: మందు ఎంత ముఖ్యమో, గదిలో గాలి మారడమూ అంతే ముఖ్యమని.

అంత చెప్పిన నేను, పదవీ విరమణ చేసిన తరువాత, నా స్వంత ఇంట్లో కిటికీలు మార్పించుకునే వేళ ఆ ప్రశ్నను నాకు నేను వేసుకోలేదు. దాని ఫలితాన్ని నా భార్య కొన్ని నెలలపాటు అనుభవించింది. ఇటీవల ఇద్దరు మిత్రులు వేరువేరుగా ఫోను చేసి, "డాక్టరుగారూ, మీరు ఈ మధ్య కిటికీలు మార్పించారు గదా, అల్యూమినియం మంచిదా, యూపీవీసీ మంచిదా? ఆరోగ్యానికి ఏది హానికరం కాదు?" అని అడిగారు. వారికి ఫోనులో రెండు మాటలలో చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పాత కిటికీలు

మా ఇల్లు విశాఖపట్నంలో, సముద్రానికి కిలోమీటరున్నర దూరంలో ఉంది. 1989లో కట్టుకున్నాం. ఆనాటి ఇళ్లన్నిటిలో మాదిరిగానే మావీ చెక్క కిటికీలు. ఇనుప ఊచలు, పైనొక వరుస, కిందొక వరుస రెక్కలు. పగలు కింది రెక్కలు మూసి పై రెక్కలు తెరిస్తే వీధిలో పోయేవారికి లోపలి మనిషి కనబడడు, గాలీ వెలుతురూ మాత్రం ధారాళంగా వస్తాయి. ప్రతి కిటికీకీ పైన, కప్పుకు దగ్గరగా, ఎప్పుడూ తెరిచే ఉండే వెంటిలేటర్ ఒకటి. అందులో పిచ్చుకలు గూడు పెడుతున్నాయని మా పిల్లలు సంబరపడేవారు, నా భార్య విసుక్కునేది.

ఆ కిటికీలకు మూడు శత్రువులు దాపురించాయి. మొదటిది వర్షాకాలపు తేమ: చెక్క ఉబ్బి రెక్క పట్టేసేది, తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. రెండవది చెద. మూడవది 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను. ఆ రోజు మా ఇంట్లో రెండు రెక్కలు కీళ్లతో సహా ఊడిపోయాయి. తరువాత ఎన్నో మరమ్మతులు చేయించాం గాని, కొద్ది సంవత్సరాలలోనే చట్రాలను వేలితో నొక్కితే పొడి రాలే స్థితికి వచ్చాయి.

మార్చక తప్పదని తేలిన తరువాత ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయిది యూపీవీసీ పక్షం. "నాన్నగారూ, దుమ్ము రాదు, చప్పుడు రాదు, రంగు వేయనక్కర్లేదు, చెద పట్టదు. అమ్మకు ఆస్తమా ఉంది, దుమ్ము రాకపోవడమే మనకు కావలసింది" అన్నాడు. గృహనిర్మాణంలో అనుభవమున్న మా బావమరిదిది అల్యూమినియం పక్షం. "బావగారూ, ఎంత చెప్పినా అది ప్లాస్టిక్కే. మన ఎండలకు ఎన్నాళ్లుంటుంది? అల్యూమినియం లోహం, ఇంటితోపాటు ఉంటుంది" అన్నాడు. నెల రోజులు ఈ చర్చ సాగింది. నేను రెండింటి గురించీ శ్రద్ధగా చదివాను. అలా చదివి తెలుసుకున్నది, వైద్యునిగా నాకు ముందే తెలిసినది కలిపి మొదట చెబుతాను.

ఈ రెండు పదార్థాల వలన ఆరోగ్యానికి హాని ఉందా?

పీవీసీ అంటే పాలీ వినైల్ క్లోరైడ్. స్వభావరీత్యా అది గట్టి పదార్థం. దానిని మెత్తగా, వంగేటట్లు చేయడానికి ప్లాస్టిసైజర్లనే రసాయనాలు కలుపుతారు. రెయిన్‌కోటు, టేబుల్‌పై పరిచే షీటు, ఆసుపత్రిలో రక్తం నింపే సంచి — ఇవన్నీ అలా మెత్తబరచిన పీవీసీ. ప్లాస్టిసైజర్లలో థాలేట్లు అనే వర్గం హార్మోన్ల మీద ప్రభావం చూపగలదన్న ఆందోళన వైద్యలోకంలో ఉన్నది. యూపీవీసీలోని మొదటి అక్షరం 'ప్లాస్టిసైజర్ కలపనిది' అని తెలుపుతుంది. కాబట్టి మెత్తని పీవీసీని గురించి చెప్పుకునే థాలేట్ల భయాన్ని కిటికీ చట్రానికి అంటగట్టడం సరికాదు.

అయితే ఎండవేడికి పాడవకుండా ఉండేందుకు దీనిలో స్థిరీకరణ ద్రవ్యాలు కలపాలి. పూర్వం ఇందుకు సీసం సమ్మేళనాలు వాడేవారు. సీసం పిల్లల మెదడుకు ఎంత హానికరమో వేరే చెప్పనక్కర లేదు. ఐరోపాలోని తయారీదారులు 2015 చివరినాటికి సీసాన్ని పూర్తిగా విడిచిపెట్టి కాల్షియం–జింకు సమ్మేళనాలకు మారారు. మన దేశంలో పీవీసీ నీటి గొట్టాలలో సీసం విషయమై 2021లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. కిటికీ కొనేటప్పుడు మీరు అడగవలసిన మొదటి మాట ఇదే: "ఇది సీసం లేనిదేనా? ఆ విషయం కాగితం మీద రాసి ఇస్తారా?" గట్టి చట్రంలో బంధింపబడి ఉన్న సీసం గాలిలో కలిసి మన ఊపిరిలోకి రాదు గాని, కోసినప్పుడు, రంధ్రాలు వేసినప్పుడు లేచే పొడిలో, ఏళ్ల తరబడి ఎండకు పెళుసెక్కి రాలే పొడిలో అది ఉండగలదు. బిగించే పని జరిగేటప్పుడు చిన్న పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి. పని అయ్యాక తడిగుడ్డతో తుడవండి.

వినైల్ క్లోరైడ్ వాయువు కాలేయపు కాన్సరు కలిగిస్తుందన్నది నిజమే. 1974లో అమెరికాలోని లూయీవిల్‌లో ఒక పీవీసీ కర్మాగారపు కార్మికులలో ఆంజియోసార్కోమా అనే అత్యంత అరుదైన కాలేయపు కాన్సరు బయటపడినప్పుడు ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. కాని అది ఆ వాయువు నడుమ సంవత్సరాల తరబడి పనిచేసినవారి విషాదం. తయారైపోయిన కిటికీలో ఆ వాయువు దాదాపు మిగలదు.

అల్యూమినియం మీద ఉన్న భయం మరొకటి: మతిమరుపు వ్యాధి వస్తుందేమోనని. అల్‌జైమర్స్ వ్యాధికీ అల్యూమినియానికీ సంబంధం ఉందన్న అనుమానం కొన్ని దశాబ్దాల క్రితం గట్టిగానే వినబడింది గాని, పరిశోధనలు దానిని రుజువు చేయలేదు. డయాలిసిస్‌కు వాడే నీటిలో అల్యూమినియం ఎక్కువై మెదడు దెబ్బతిన్న రోగులు ఒకప్పుడు ఉండేవారు. అది నేరుగా రక్తంలోకి చేరిన అల్యూమినియం. గోడలో ఉన్న చట్రం రక్తంలోకి చేరదు. దానిపై సహజంగా ఏర్పడే ఆక్సైడు పొర, ఆపైన వేసే పౌడర్ కోటింగ్ దానిని కప్పి ఉంచుతాయి.

అగ్నిప్రమాదం మాటేమిటని అడగవచ్చు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడి కళ్లను, శ్వాసనాళాలను మండిస్తుంది. అల్యూమినియం కాలదు, కాని 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. అయితే పీవీసీ తనంతట తానుగా సులభంగా అంటుకునే పదార్థం కాదు. ఇల్లు అంటుకున్నప్పుడు ముందుగా మండేవి పరదాలు, ఫోము పరుపులు. ముందుగా ప్రాణం తీసేది వాటి పొగ. అందుచేత ఏ చట్రమన్నది కాక, పడకగదిలో ఒక్క కిటికీ గ్రిల్ అయినా లోపలినుంచి గడియ తీసి తెరుచుకునేలా ఉందా అన్నది చూసుకోవాలి. మన ఇళ్లలో దొంగల భయంతో అన్ని గ్రిల్స్‌నూ గోడలో పాతేస్తాం. అది మనల్ని మనమే బంధించుకోవడం.

మొత్తానికి, పదార్థం దృష్ట్యా చూస్తే, నాణ్యమైనది తీసుకుంటే రెండూ నివాసయోగ్యమైనవే. ఇంతవరకు నా అధ్యయనం బాగానే సాగింది. నా పొరపాటు ఇక్కడే మొదలయింది. చట్రం దేనితో తయారైందన్న ప్రశ్నలో మునిగి, కిటికీ ఎందుకున్నదన్న ప్రశ్నను వదిలేశాను.

మేము చేసిన పని

ముందుగా రోడ్డు వైపున్న మా పడకగది కిటికీని మార్చాం. మా అబ్బాయి మాటే నెగ్గింది. మార్చి నెలలో తెల్లని యూపీవీసీ స్లైడింగ్ కిటికీ వచ్చింది. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. బిగించిన రోజు రాత్రి మేమిద్దరం ఆశ్చర్యపోయాం. లారీల హారన్లు ఎక్కడో దూరాన వినబడుతున్నట్లున్నాయి. చాలా కాలానికి ఆవిడ తెల్లవారేదాకా కలత లేకుండా నిద్రపోయింది. రాత్రి వేళ చప్పుడు చిన్న విషయం కాదు. నివాస ప్రాంతాలలో రాత్రిపూట ధ్వని 45 డెసిబెళ్లకు మించరాదని మన దేశపు 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నాయి. నిద్ర చెడితే రక్తపోటు, గుండె రెండూ దెబ్బతింటాయి. ఆ మేరకు కొత్త కిటికీ మేలే చేసింది.

కిటికీ మార్చిన పనిలో పనిగా, ఏసీ చల్లదనం బయటకు పోతున్నదని పైనున్న వెంటిలేటర్‌ను ఇటుకలతో మూయించి, పూత పూయించాం. అలా చేయమన్నది ఎవరో కాదు, నేనే.

జూన్ చివర వానలు మొదలయ్యాయి. జులైలో ఆవిడకు రాత్రి దగ్గు ఆరంభమయింది. రెండు గంటలకో మూడు గంటలకో లేచి, దిండుకు ఆనుకుని కూర్చునేది. వర్షాకాలంలో ఆస్తమా పెరగడం సహజమేనని నేను అనుకున్నాను. ఇన్‌హేలర్ మోతాదు పెంచాను. ఆగస్టులో మరికొంత పెంచాను. "పగలు వంటింట్లో ఉంటే బాగానే ఉంటోందండీ, గదిలో పడుకుంటేనే వస్తోంది" అని ఆవిడ రెండుసార్లు చెప్పింది. ఒక రోగి నాతో ఈ మాట అని ఉంటే, నేను మందుల చీటీ పక్కన పెట్టి ఆ గది గురించి అడిగేవాణ్ణి. ఇంట్లో మనిషి చెప్పేసరికి విన్నాను గాని, వైద్యునిగా వినలేదు.

సెప్టెంబరులో ఒక రోజు మా ఇంట్లో పనిచేసే అమ్మాయి గది తుడుస్తూ, "అమ్మగారూ, ఈ గదిలో ముక్కిన వాసన వస్తోందండీ" అన్నది. ఇద్దరు కలిసి బీరువాను పక్కకు జరిపారు. దాని వెనుక గోడ మీద చాపంత మేర నల్లని బూజు పట్టి ఉంది.

అదే వారంలో, ఒక తలుపు సరిచేయడానికి, మా పాత కిటికీలను 1989లో చేసిన వడ్రంగి ఆచారిగారు వచ్చారు. ఆయన గోడను చూసి, తల పైకెత్తి చూసి, "కిటికీ మార్చారు సరే డాక్టరుబాబూ, వెంటిలేటర్ ఎందుకు మూశారు? నేనది అందానికి పెట్టలేదు గదా" అన్నారు. నేను సమాధానం చెప్పలేకపోయాను.

ఎందుకలా జరిగింది?

కారణం యూపీవీసీ కాదు. అదే చోట రబ్బరు బీడింగు బిగువుగా ఉన్న అల్యూమినియం స్లైడింగ్ పెట్టినా అదే జరిగేది.

మనిషి నిద్రలో కూడా శ్వాస ద్వారా, చెమట ద్వారా గదిలోకి తేమను వదులుతూనే ఉంటాడు. స్నానాల గది తలుపు తెరిచినప్పుడల్లా ఆవిరి వస్తుంది. వానల్లో బట్టలు ఇంట్లోనే ఆరవేస్తాం. సముద్రతీరంలో బయటి గాలిలోనే తేమ ఎక్కువ. పాత కిటికీల సందుల్లోనుంచి, పైన వెంటిలేటర్‌లోనుంచి గాలి కదులుతూ గోడలను ఆరబెట్టేది. వేడిగాలి పైకి పోవడం ప్రకృతి ధర్మం. కప్పు దగ్గరున్న వెంటిలేటర్ దానికి బయటి దారి. ఆ దారి మూసి, కింద రబ్బరుతో బిగించిన కిటికీ పెట్టి, ఏసీతో గోడలు చల్లబరచి, బీరువాను గోడకు ఆనించి పెట్టాం. బూజుకు ఇంతకన్నా అనువైన చోటు లేదు. తేమ పెరిగితే పరుపులలో, దిండ్లలో ఉండే దుమ్ము పురుగులూ పెరుగుతాయి. బూజు, దుమ్ము పురుగులు రెండూ ఆస్తమాను రేకెత్తించేవే. మరొక సంగతి: మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని తేదు. బయటి దుమ్మును ఆపామని సంతోషించాం. లోపల పుట్టే దుమ్ముకు బయటకు పోయే దారి లేకుండా చేశామని గ్రహించలేదు.

యూపీవీసీ కిటికీలు 1950వ దశకంలో జర్మనీలో పుట్టాయి. చలిదేశాలలో ఇంటి వెచ్చదనం బయటకు పోకుండా బిగించడం అవసరం. అయితే బిగించిన ఇళ్లలో బూజు సమస్య వారికీ ఎదురయింది. ఇంగ్లండులో 2022 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, పాత కిటికీ తీసి కొత్తది పెట్టినప్పుడు ఇంట్లో గాలి ప్రసరణ మునుపటికన్నా తగ్గకూడదు. అందుకోసం చట్రం పైభాగంలోనే సన్నని గాలి మార్గాలు పెడుతున్నారు. మనం వారి కిటికీని తెచ్చుకున్నాం, వారు నేర్చుకున్న జాగ్రత్తను తెచ్చుకోలేదు.

ఇక లెక్క చూడండి. తేమతో కూడిన వేడి ప్రాంతాలలో గది నేల వైశాల్యంలో కనీసం ఆరవ వంతు మేర కిటికీలు, వెంటిలేటర్లు ఉండాలని మన జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది. పొడి వేడి ప్రాంతాలలో పదవ వంతు. మా గది 12 అడుగులకు 12 అడుగులు, అంటే 144 చదరపు అడుగులు. ఆరవ వంతు 24. మా కిటికీ సరిగ్గా 24 చదరపు అడుగులు. కాగితం మీద లోటు లేదు. కాని రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. ఒక పలక రెండవ దాని వెనుకకు పోవలసిందే. అంటే 12 చదరపు అడుగులు. దానికి దోమల మెష్ అడ్డు. ఆ మెష్ మీద నెల రోజుల దుమ్ము. నిజానికి మేము రాత్రి పొద్దుపోయాక జానెడు కూడా తెరిచేవాళ్లం కాదు.

తెరిచిన కిటికీ విలువను గురించి నేను వైద్య విద్యార్థులకు ఒక అధ్యయనం చెబుతుండేవాణ్ణి. పెరూ దేశపు లీమా నగరంలోని ఎనిమిది ఆసుపత్రులలో జరిగిన పరిశీలన 2007లో ప్రచురితమయింది. కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో గాలి గంటకు సగటున 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి పంపే క్షయ గదులకు అంగీకరించిన ప్రమాణం గంటకు 12 సార్లే. 1950కి ముందు కట్టిన, ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు ఉన్న పాత వార్డులలో గాలి ఇంకా ఎక్కువగా ఆడింది. ఫ్లారెన్స్ నైటింగేల్ పందొమ్మిదవ శతాబ్దంలో నర్సింగ్‌పై రాసిన ప్రసిద్ధ గ్రంథంలో మొదటి అధ్యాయమే గాలి ప్రసరణను గురించి. ఇవన్నీ కంఠస్థంగా చెప్పిన మనిషి తన ఇంట్లో వెంటిలేటర్ మూయించాడు.

దిద్దుబాటు

ఇటుకలు తీయించి వెంటిలేటర్‌ను మళ్లీ తెరిపించాం. వాన జల్లు పడకుండా ఏటవాలు పలకలు, దోమలు రాకుండా మెష్ పెట్టించాం. బూజు పట్టిన పూతను గీకించి, ఆ గోడలోకి నీరు ఊరుతున్న ఒక చిన్న పగులును మూయించి, తిరిగి సున్నం వేయించాం. బీరువాను గోడకు జానెడు దూరం జరిపాం. ఉదయం రెండు గంటలు, సాయంత్రం ఒక గంట కిటికీ పూర్తిగా తెరవడం అలవాటు చేసుకున్నాం. ఇంకొక పని కూడా చేశాను: ఆవిడను నా దగ్గర చదువుకున్న ఒక ఊపిరితిత్తుల వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లి, ఇకమీదట చికిత్స ఆయనకే అప్పగించాను. స్వంత మనుషులకు వైద్యం చేయరాదన్న పాత నియమం ఊరికే పుట్టలేదు. జనవరి నాటికి దగ్గు తగ్గింది. ఆయన ఇన్‌హేలర్ మోతాదును క్రమంగా పాత స్థాయికి తెచ్చారు.

ఇదంతా కిటికీ మహిమేనని నేను ప్రతిజ్ఞ చేయలేను. వానలు వెలిశాయి, బూజు పోయింది, వైద్యుడు మారారు. వీటిలో దేని వాటా ఎంతో ఒక్క మనిషి అనుభవంతో తేలదు. కాని తడి, బూజు ఉన్న ఇళ్లలో ఆస్తమా బాధ ఎక్కువన్నది ఎన్నో దేశాల అనుభవం. దానిని మా గదికి వర్తింపజేయడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

మిగిలిన కిటికీలకు ఏమి ఎంచుకున్నాం?

ఈసారి ప్రశ్నల క్రమం మార్చాం. ఈ కిటికీ నుంచి గాలి రావాలా, వెలుతురు రావాలా, చప్పుడు ఆగాలా? ఎలా తెరుచుకోవాలి? ఆ తరువాతే, దేనితో చేసినది?

తూర్పున సముద్రపు గాలి నేరుగా తగిలే కిటికీలకు యూపీవీసీ ఎంచుకున్నాం. ఉప్పుగాలి దానిని ఏమీ చేయదు. అల్యూమినియానికి ఉప్పుగాలిలో చిన్న చిన్న గుంటలు పడతాయి; మామూలు ఇనుప స్క్రూలు వాడితే అవి తుప్పుపట్టడమే కాక, వాటి చుట్టూ అల్యూమినియం కూడా త్వరగా తినివేయబడుతుంది. అయితే ఇవి స్లైడింగ్ కావు, రెక్కలు పూర్తిగా బయటకు తెరుచుకునేవి. చట్రం లోపల గాల్వనైజ్ చేసిన ఉక్కు కడ్డీ ఉన్నదని కోసిన ముక్కను చూసి నిర్ధారించుకున్నాం. తుపానులు వచ్చే ఊళ్లో ఉక్కు లేని యూపీవీసీ పెట్టించుకోకూడదు.

వసారా వైపున్న వెడల్పాటి జారుడు తలుపుకు అల్యూమినియం తీసుకున్నాం. పెద్ద కొలతలకు సన్నని చట్రంతోనే బలాన్నిచ్చే గుణం దానిది. మందమైన సెక్షన్, మంచి పౌడర్ కోటింగ్, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు ఉండాలని పట్టుబట్టాం. వంటింటికీ అల్యూమినియమే, పక్కన ఎగ్జాస్టు ఫ్యాను. స్నానాల గదులకు ఎప్పుడూ మూసుకోని ఏటవాలు పలకల వెంటిలేటర్లు. గ్యాస్ గీజర్ ఉన్న స్నానాల గదిని గాలి చొరబడకుండా బిగిస్తే ఏమవుతుందో అత్యవసర విభాగంలో నేను చూశాను. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గ్యాస్ గీజర్‌ను స్నానాల గది బయటే పెట్టించండి.

మా బావమరిది చెప్పిన ఎండ మాటలో కొంత నిజముంది. యూపీవీసీ దాదాపు 80 డిగ్రీల వద్ద మెత్తబడుతుంది. గాలి ఉష్ణోగ్రత రెంటచింతలలోనైనా అంతకు చేరదు గాని, పడమటి ఎండలో ముదురు రంగు చట్రం గాలికన్నా బాగా వేడెక్కుతుంది. కాబట్టి యూపీవీసీ తెల్లనిది, ఎండను తట్టుకునే టైటానియం డయాక్సైడు తగినంత కలిసినది తీసుకోవాలి. చవక రకాలు పసుపెక్కి పెళుసవుతాయి. సముద్రం లేని హైదరాబాదు, అనంతపురం వంటి చోట్ల అల్యూమినియానికి ఉప్పు బెడద లేదు. అల్యూమినియం వేడిని యూపీవీసీ కన్నా వెయ్యి రెట్లు సులభంగా ప్రసరింపజేస్తుందన్న మాట నిజమే. రోజంతా ఏసీ నడిచే గదికి అది ముఖ్యం. కిటికీలు తెరుచుకుని బతికే ఇంటికి అంత ముఖ్యం కాదు. లోపలికి వచ్చే వేడిలో ఎక్కువ భాగం చట్రం గుండా కాదు, అద్దంలోంచి ఎండ రూపంలో వస్తుంది. దానికి మందు సన్‌షేడ్, లేదా మన పెద్దలు వేలాడదీసిన తడి వట్టివేళ్ల తడిక.

రోడ్డు వైపున్న ఆ మొదటి కిటికీని తీసివేయలేదు. చప్పుడు ఆపడానికి అది అక్కడ ఉండదగినదే. పైన వెంటిలేటర్ తెరిచి ఉన్నందున కొద్దిగా హారన్ల మోత మళ్లీ వినబడుతోంది. ఆ మాత్రం చప్పుడు భరిస్తామని ఇద్దరం ఒప్పుకున్నాం.

పాఠకులకు నా విన్నపం ఇది. దుకాణానికి వెళ్లి అల్యూమినియమా, యూపీవీసీయా అని అడిగే ముందు, టేపు తీసుకుని మీ పడకగది కొలవండి. కిటికీ కొలత కాదు, అది తెరుచుకునే మేర కొలవండి. పైన వెంటిలేటర్ ఉంటే దానిని ఎవరు చెప్పినా మూయించకండి, నావంటి డాక్టరు చెప్పినా సరే. దోమల మెష్‌ను నెలకొకసారి కడగండి. కిటికీ ట్రాక్‌లో నీరు బయటకు పోయే చిన్న రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. ఇంట్లో ఎవరికైనా రాత్రిపూట మాత్రమే, ఒక గదిలో మాత్రమే దగ్గు వస్తుంటే, డాక్టరుకు చూపించండి. ఆయన అడగకపోయినా ఆ గది గురించి మీరే చెప్పండి. ఇంటికి వచ్చి బీరువా జరిపి చూడండి.

నిన్న రాత్రి మా వెంటిలేటర్ మెష్ అవతల ఏదో పిట్ట గడ్డిపరక తెచ్చి పెట్టింది. "మళ్లీ మొదలయింది" అని నా భార్య విసుక్కుంది. కాని తీయమనలేదు.